బోరు నీళ్లలో రేడియోధార్మికత ఉందేమోనన్న అనుమానం, ఊళ్లో క్యాన్సర్ కేసులు: ఏది ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: మాది కోనసీమలో గోదావరి పాయకూ సముద్రానికీ నడుమ ఉన్న ఊరు. జనాభా 4,000 దాకా ఉంటుంది. గత 6 ఏళ్లలో నాకు తెలిసి 11 మందికి క్యాన్సర్ వచ్చింది. నలుగురు ఆడవాళ్లకు రొమ్ములో, ముగ్గురికి నోట్లోనో గొంతులోనో, ఒకామెకు గర్భాశయ ముఖద్వారంలో, ఒకరికి కడుపులో, ఇద్దరికి రక్తంలో. మా అక్క రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. మా తమ్ముడి కొడుకు, తొమ్మిదేళ్ల వాడు, రక్త క్యాన్సర్‌కు విశాఖపట్నంలో చికిత్స పొందుతున్నాడు. మా వీధిలో చాలా ఇళ్లవాళ్లం ఇరవై ఏళ్లుగా ఫిల్టర్ పాయింటు, బోరు నీళ్లే తాగాం. ఈమధ్య ఒకాయన చేతిమీటరు తెచ్చి బోరు గట్టు మీద పెడితే అది టిక్కు టిక్కుమని మోగింది. ‘మీ నీళ్లలో రేడియేషన్ ఉంది’ అని చెప్పి వెళ్లాడు. ఇసుకలో థోరియం వల్ల అని కొందరు, గ్యాస్ బావుల వల్ల అని కొందరు అంటున్నారు. నిజం ఎలా తెలుసుకోవాలి? అంతవరకూ ఏ నీళ్లు తాగాలి? ఊరి పేరు వేయవద్దని మనవి. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని పెద్దవాళ్లు భయపడుతున్నారు.

సమాధానం: మీ అక్కగారిని పోగొట్టుకున్న బాధలో, ఇంట్లో పసివాడి చికిత్స నడుస్తూండగా కూడా, మీరు తొందరపడి ఎవరి మీదా నింద వేయకుండా నిజం ఎలా తెలుసుకోవాలని అడిగారు. అందుకే ఈ సమాధానం కొంచెం వివరంగా రాస్తున్నాను. మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. మీ నీళ్లలో రేడియోధార్మికత పరిమితికి మించి ఉందా అన్నది మొదటిది. ఈ 11 మందికి జబ్బు ఆ నీళ్ల వల్లనే వచ్చిందా అన్నది రెండవది. మొదటిదానికి కొద్ది నెలల్లో, పంచాయతీ భరించగలిగిన ఖర్చుతో, కచ్చితమైన జవాబు దొరుకుతుంది. రెండవదానికి 4,000 మంది ఉన్న ఒక్క ఊళ్లో ఎంత గొప్ప నిపుణులు కూర్చున్నా జవాబు దొరకకపోవచ్చు. కాబట్టి రెండవది తేలేదాకా మొదటిదాన్ని ఆపవద్దు. నీళ్లలో పరిమితికి మించి ఉందని తేలితే, క్యాన్సర్‌తో సంబంధం రుజువైనా కాకపోయినా ఆ నీళ్లు మార్చవలసిందే. లేదని తేలితే, జబ్బులకు కారణం మరెక్కడైనా వెతకవలసిందే.

ముందుగా లెక్క సంగతి. భారత వైద్య పరిశోధన మండలి 1981లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఆ రిజిస్ట్రీల ఆధారంగా వేసిన 2022 అంచనా ప్రకారం దేశంలో ఏటా లక్ష మందికి సుమారు 100 మంది కొత్తగా క్యాన్సర్ బారిన పడుతున్నారు, జీవితకాలంలో ప్రతి 9 మందిలో ఒకరికి ఏదో ఒక క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది. ఈ సగటును మీ ఊరికి అన్వయిస్తే ఏటా నలుగురు, 6 ఏళ్లలో 24 మంది అవుతారు. మీరు లెక్కపెట్టింది 11. పల్లెల్లో నమోదయ్యే రేటు పట్టణాల కంటే తక్కువగా ఉండడం మామూలే కనుక 24 అన్న అంకెను గట్టిగా పట్టుకోకూడదు. మీ జాబితాలోకి రానివారు, బయటికి చెప్పుకోనివారు, వేరే ఊరికి వెళ్లిపోయినవారు ఉంటారు కనుక 11 కూడా పూర్తి లెక్క కాదు. అయినా ఒక్క మాట చెప్పవచ్చు: మీ దగ్గర ఉన్న అంకె మాత్రమే చూసి మీ ఊళ్లో క్యాన్సర్ విపరీతంగా ఉందని ఎవరూ అనలేరు. మీ ఊరి పెద్దలకు ఈ సంగతి ముందుగా చెప్పండి.

రక్త క్యాన్సర్ విషయంలో మీ ఆందోళన నాకు అర్థమవుతోంది, ఎందుకంటే రేడియేషన్‌కూ ల్యుకేమియాకూ ఉన్న సంబంధం హిరోషిమా, నాగసాకి బాధితుల అధ్యయనాల్లో స్పష్టంగా కనిపించింది. మన దేశంలో ల్యుకేమియా ఏటా లక్షకు మూడు నాలుగు కేసుల చొప్పున వస్తుంది. ఆ లెక్కన మీలాంటి ఊళ్లో 6 ఏళ్లలో ఒక కేసుకు కాస్త తక్కువగా ఉండాలి. మీకు రెండు ఉన్నాయి. అయితే చిన్న సంఖ్యల్లో యాదృచ్ఛికం చాలా పెద్ద పాత్ర పోషిస్తుంది. అంతే జనాభా ఉన్న ఊళ్లు వంద తీసుకుంటే, నీళ్లలో ఏ దోషమూ లేకపోయినా, దాదాపు 20 ఊళ్లలో ఆరేళ్లలో రెండో అంతకంటే ఎక్కువో కేసులు కనిపిస్తాయి. బాగా పండిన చోటు చూసుకుని దాని చుట్టూ గట్టు వేసి, ఈ మడి దిగుబడి మిగతా పొలం కంటే ఎక్కువని చెప్పుకుంటే ఎంత పొరపాటో, కేసులు కనిపించిన వీధిని మాత్రమే విడదీసి దాని రేటు లెక్కకట్టడం కూడా అంతే పొరపాటు. హద్దులు ముందు గీసుకోవాలి, లెక్క తరువాత వేయాలి. పంచాయతీ మొత్తం, నిర్ణీతమైన సంవత్సరాలు, నిర్ణీతమైన జబ్బులు అని ముందే రాసి పెట్టుకోవాలి.

మీరు చెప్పిన జబ్బులు కూడా ఒక తీరువి కావు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. నోరు, గొంతు క్యాన్సర్లలో పొగాకు, గుట్కా, వక్క, మద్యం వాటా చాలా పెద్దది. ఆ ముగ్గురికీ చుట్ట, ఖైనీ అలవాట్లు ఉన్నాయో లేదో అడగకుండా నీళ్ల గురించి మాట్లాడడం వల్ల వాళ్ల పిల్లలకే నష్టం, ఎందుకంటే అదే అలవాటు వాళ్లకూ ఉండవచ్చు. నీళ్లలో సహజంగా ఉండే రేడియోధార్మిక పదార్థాల్లో ఒక్కొక్కటి ఒక్కో అవయవాన్ని పట్టుకుంటుంది. రేడియం కాల్షియంలా ప్రవర్తించి ఎముకల్లో చేరుతుంది. 1920ల ప్రాంతంలో అమెరికాలో గడియారాల ముళ్లకు వెలుగునిచ్చే రేడియం రంగు వేసిన యువతులు కుంచె కొసను పెదవులతో సన్నం చేసుకునేవారు. వారిలో తరువాత ఎముక క్యాన్సర్లు, పుర్రెలోని సైనస్ గదుల క్యాన్సర్లు వచ్చాయి. వారి ఒంట్లో చేరిన మోతాదు తాగునీటి ద్వారా చేరేదానితో పోల్చలేనంత ఎక్కువ. రేడాన్ వాయువు ప్రధానంగా ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. యురేనియం విషయంలో ముందుగా భయపడవలసింది రేడియేషన్‌కు కాదు, ఆ లోహం మూత్రపిండాలకు రసాయనికంగా చేసే హానికి. మీ జాబితాలో ఎముక క్యాన్సర్ గానీ ఊపిరితిత్తుల క్యాన్సర్ గానీ లేదు. ఇది నిర్దోషిత్వానికి రుజువు కాదు, కానీ పరిశోధకుడు గమనించవలసిన విషయమే.

ఇక డెల్టాలో రేడియోధార్మికత ఎక్కడి నుంచి రావచ్చు? మీ ఊళ్లో వినిపిస్తున్న రెండు మాటలూ పూర్తిగా గాలి మాటలు కావు. దేశంలో మోనజైట్ నిల్వలు ఎక్కువగా గుర్తించినది ఆంధ్రప్రదేశ్ తీరంలోనే. నది మోసుకొచ్చిన బరువైన నల్ల ఇసుకలో ఇది ఇతర ఖనిజాలతో కలిసి ఉంటుంది, దీనిలో థోరియం ఉంటుంది. అయితే థోరియం నీటిలో దాదాపుగా కరగదు. అది రేడియేషన్ వెదజల్లుతూ ఒక పదార్థం నుంచి మరొకటిగా మారుతూ పోయే వరుసలో పుట్టే రేడియం-228, రేడియం-224 అనే రెండు రకాల రేడియం మాత్రం కరగగలవు. అందులోనూ నీరు ఉప్పగా ఉన్నచోట, లోపల గాలి సోకక ఇనుము, మాంగనీసు కరిగి ఉన్నచోట రేడియం ఇసుక రేణువులను వదిలి నీళ్లలోకి వచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే రేణువు మీద దాని స్థానాన్ని ఉప్పులోని సోడియం, కాల్షియం ఆక్రమిస్తాయి. పైకి తీయగానే తెల్లగా ఉండి, బిందెలో కాసేపటికి ఎర్రటి మడ్డి కట్టే బోరు నీళ్లు మీ ప్రాంతంలో అందరూ చూసినవే. అది ఇనుము. అటువంటి నీళ్లు, వాటితో పాటు ఉప్పదనం ఉన్న బోర్లు ముందుగా పరీక్షించవలసినవి. యురేనియం తీరు దీనికి భిన్నం. అది గాలి సోకిన, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీటిలో బాగా కరుగుతుంది. అందుకే గట్టి రాతి నేలల్లోని లోతు బోర్లలో దాని సమస్య ఎక్కువగా కనిపిస్తుంది. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని వార్తలు చదివి అదే పరిస్థితి ఒండ్రు మట్టి డెల్టాలోనూ ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు.

గ్యాస్ బావుల సంగతి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో దశాబ్దాలుగా చమురు, గ్యాస్ తీస్తున్నారు. 1995లో పాశర్లపూడి బావి మండిన రోజులు కోనసీమ మరచిపోలేదు. ప్రపంచంలో ఎక్కడైనా సరే చమురు, గ్యాస్‌తో పాటు లోతు పొరల నుంచి ఉప్పునీరు పైకి వస్తుంది. దానిలో రేడియం ఉండవచ్చు, గొట్టాల లోపల గట్టిగా పేరుకునే పొలుసులో అది చేరవచ్చు. ఇది పరిశ్రమకు తెలిసిన విషయమే. కాబట్టి మీ దగ్గరలో బావి ఉంటే, దాని నుంచి వచ్చిన ఉప్పునీటిని ఎక్కడికి పంపుతున్నారు, దానిలో రేడియం ఎంత ఉందని ఎప్పుడైనా కొలిచారా అన్న రెండు ప్రశ్నలను సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలికి రాసి అడగవచ్చు. అడగడం మీ హక్కు. జవాబు రాకముందే తీర్పు చెప్పడం మాత్రం వద్దు. ఫాస్ఫేటు ఎరువుల ముడిరాయిలో కొద్దిపాటి యురేనియం ఉండడం కూడా నిజమే. కానీ మీ పరిస్థితిలో నేను దాన్ని మొదటి అనుమానితుల్లో చేర్చను.

ఆయన తెచ్చిన చేతిమీటరు గురించి స్పష్టంగా చెప్పాలి. ఆ మీటరు ఎక్కడ పెట్టినా మోగుతుంది, ఎందుకంటే నేల, ఇటుక, కంకర, ఆకాశం నుంచి వచ్చే సహజ రేడియేషన్ అన్నిచోట్లా ఉంది. సగటున మనిషి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్ల (ఒంటికి అందిన రేడియేషన్ మోతాదుకు కొలమానం) సహజ రేడియేషన్‌కు గురవుతాడు. నీటిలో కరిగి ఉన్న రేడియం, యురేనియం విడుదల చేసే ఆల్ఫా కణాలను (రేడియేషన్‌లో ఇదొక రకం) పలుచని నీటిపొరే ఆపేస్తుంది, మీటరు వాటిని చూడలేదు. మీ బోరు గట్టు కట్టిన ఇసుకలో మోనజైట్ రేణువులు ఉంటే మీటరు కాస్త ఎక్కువగా మోగవచ్చు, కానీ అది గట్టు గురించి చెప్పినట్టు అవుతుంది, నీళ్ల గురించి కాదు. ఇసుక నుంచి వచ్చే రేడియేషన్ గురించి భయపడేవారికి కేరళ అనుభవం చెప్పవచ్చు. కొల్లం జిల్లా కరునాగపల్లిలో మోనజైట్ ఇసుక మీద తరతరాలుగా బతుకుతున్న 69,958 మందిని సగటున పదేళ్లకు పైగా గమనించారు. వారిలో 1,379 మందికి క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్ ఎక్కువగా ఉన్న ఇళ్లలో క్యాన్సర్ ఎక్కువగా లేదని 2009లో ప్రచురించిన ఫలితాల్లో తేలింది. అది బయటి నుంచి తగిలే గామా కిరణాల సంగతి. తాగే నీళ్ల ప్రశ్నకు అది సూటి జవాబు కాదు, కానీ ఇసుక పేరు వినగానే గుండె ఆగిపోనవసరం లేదని చెప్పడానికి సరిపోతుంది.

నీళ్లను ఎలా కొలవాలో ఇప్పుడు చెబుతాను, మీ ఉత్తరానికి అసలు జవాబు ఇదే. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లో ఉప్పదనం, ఇనుము, ఫ్లోరైడ్, నైట్రేట్, సూక్ష్మజీవులు చూస్తారు. ఆ పరీక్ష ముందుగా చేయించండి, దానితో పాటు ఆర్సెనిక్ కూడా చూడమని రాతపూర్వకంగా కోరండి, ఎందుకంటే ఆర్సెనిక్ చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు రుజువైన కారణం. రేడియోధార్మికతకు ప్రత్యేక పరికరాలు కావాలి. భాభా అణు పరిశోధన కేంద్రం దేశవ్యాప్తంగా భూగర్భ జలాల్లో యురేనియం సర్వేను విశ్వవిద్యాలయాల సాయంతో నడిపింది, కేంద్ర భూగర్భ జల మండలికీ యురేనియం కొలిచే ఏర్పాటు ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతిక శాస్త్ర విభాగం ఉంది. ఒక వ్యక్తిగా ఉత్తరం రాస్తే మరుగున పడవచ్చు. గ్రామసభ తీర్మానం చేసి, జిల్లా కలెక్టర్ ద్వారా నమూనాల పరీక్షకు కోరితే అది ఫైలు అవుతుంది.

అడగవలసినవి నాలుగు కొలతలు: మొత్తం ఆల్ఫా, మొత్తం బీటా (రేడియేషన్ కణాల్లో మరో రకం), యురేనియం, రేడియం. రేడియం అంటే 226 ఒక్కటే చూసి సరిపెట్టవద్దని, 228 కూడా కావాలని నొక్కి చెప్పండి. మోనజైట్ మీద అనుమానం ఉన్నచోట థోరియం వరుస నుంచి వచ్చేది రేడియం-228. అది బీటా కణాలను విడుదల చేస్తుంది కనుక ఆల్ఫా పరీక్షలో నేరుగా కనిపించదు. డెల్టాకు ప్రత్యేకమైన ఇంకొక చిక్కు కూడా ఉంది, దీన్ని ప్రయోగశాలకు మీరే గుర్తుచేయాలి. ఆల్ఫా కొలవడానికి నీటిని ఆవిరి చేసి మిగిలిన పొడి మీద లెక్కిస్తారు. మీ నీళ్లలో ఉప్పు ఎక్కువగా ఉంటే ఆ పొడి మందంగా ఏర్పడి ఆల్ఫా కణాలను తనలోనే ఆపేసుకుంటుంది, ఫలితం ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ లవణాలు ఉన్న నీటికి వేరే పద్ధతి వాడాలి. బీటా లెక్కలో పొటాషియం నుంచి వచ్చే వాటాను తీసివేయాలి, అందుకని పొటాషియం కూడా కొలిపించండి.

నమూనా పట్టే తీరు మీద ఫలితం ఆధారపడుతుంది. పంపును కనీసం పది నిమిషాలు వదిలి, గొట్టంలో నిలవ ఉన్న నీరు పోయాక, ప్రయోగశాల ఇచ్చిన శుభ్రమైన ప్లాస్టిక్ సీసాల్లోనే పట్టాలి. రేడియం సీసా గోడలకు అంటుకోకుండా వారు నత్రికామ్లం కలుపుతారు, ఆ పని వారికే వదలండి. సీసా మీద తేదీ, గంట తప్పక రాయాలి. రేడియం-224 సుమారు మూడున్నర రోజులకే సగం అయిపోతుంది. నమూనా ఆఫీసు బల్ల మీద పదిహేను రోజులు పడి ఉంటే అందులో ఉన్నది చాలావరకు మాయమవుతుంది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఆల్ఫా పరీక్షను 48 గంటల్లో చేయాలని నిబంధన పెట్టుకున్నది ఇందుకే. బోరు లోతు, వేసిన సంవత్సరం, యజమాని వాడే తీరు రాసుకోండి. ఒక్కసారి పరీక్షతో సరిపెట్టవద్దు. కాలువలు కట్టేసిన వేసవిలో భూగర్భ జలం మట్టం దిగి ఉప్పదనం పెరుగుతుంది, కాలువలు వదిలి ఊడ్పులు అయ్యాక తగ్గుతుంది. ఈ రెండు కాలాల్లోనూ పరీక్షించాలి. క్యాన్సర్ వచ్చిన ఇళ్ల బోర్లే కాకుండా రాని ఇళ్ల బోర్లు, మంచినీళ్ల చెరువు, టిన్నులు నింపే ప్లాంటు నీళ్లు కూడా అదే రోజు పట్టాలి. పోల్చడానికి ఏమీ లేని కొలతకు అర్థం ఉండదు.

ఫలితాలు వచ్చాక ఇలా చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం లీటరుకు ఆల్ఫా 0.5 బెకరల్ (రేడియోధార్మికతకు కొలమానం), బీటా 1 బెకరల్ దాటకపోతే ఇంకా లోతుగా చూడనవసరం లేదు. మన భారత ప్రమాణం ఐఎస్ 10500 ఆల్ఫా విషయంలో ఇంకా కఠినంగా 0.1 బెకరల్ అంటుంది. ఈ అంకె దాటిందంటే ప్రమాదం అని కాదు, ఏ పదార్థం వల్ల దాటిందో విడదీసి చూడాలని అర్థం. విడదీసినప్పుడు రేడియం-226కు 1 బెకరల్, రేడియం-228కు 0.1 బెకరల్, యురేనియానికి లీటరుకు 30 మైక్రోగ్రాములు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శక విలువలు. మన అణుశక్తి నియంత్రణ మండలి యురేనియానికి 60 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది. నివేదికలో బెకరల్ బదులు పికోక్యూరీలు అనే వేరే కొలమానం ఉంటే, 1 పికోక్యూరీ 0.037 బెకరల్‌కు సమానమని గుర్తుంచుకోండి, లేకపోతే 15 పికోక్యూరీలను చూసి 15 బెకరల్ అనుకుని హడలిపోతారు.

ఇప్పుడు రెండవ ప్రశ్న. నీళ్లలో పరిమితి కంటే చాలా ఎక్కువే ఉందనుకుందాం. తాగునీటి ద్వారా ఏడాదికి 0.1 మిల్లీసీవర్ట్ దాటకూడదన్నది మార్గదర్శకం. దానికి పది రెట్లు, అంటే ఏడాదికి 1 మిల్లీసీవర్ట్, మీ ఊళ్లో 4,000 మందికీ 20 ఏళ్లపాటు అందిందనుకుందాం. ఎంత మోతాదుకు ఎన్ని క్యాన్సర్లు అని చెప్పడానికి అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ వాడే గుణకం ప్రకారం లెక్కిస్తే, వారందరి జీవితకాలంలో దానివల్ల అదనంగా వచ్చే క్యాన్సర్లు నాలుగు. అదే 4,000 మందిలో మామూలుగానే జీవితకాలంలో సుమారు 440 మందికి క్యాన్సర్ వస్తుంది. 440 మందిలో కలిసిపోయిన ఆ నలుగురిని ఏ గణితమూ వేరు చేసి చూపలేదు. రేడియేషన్ వల్ల వచ్చిన క్యాన్సర్ మీద దాని కారణం తెలిపే గుర్తు కూడా ఏదీ ఉండదు. అమెరికాలో ప్రజల ఫిర్యాదుల మీద జరిగిన 428 క్యాన్సర్ సమూహాల దర్యాప్తులను 2012లో ఒక సమీక్ష పరిశీలించింది. కేసులు నిజంగానే ఎక్కువని నిర్ధారణ అయినవి 72 సందర్భాలు. అనుమానించిన కారణంతో ఏదో సంబంధం కనిపించినవి 3. వాటిలో స్పష్టంగా కారణం తేలినది ఒక్కటే. ఫిన్లాండ్‌లో రాతిలో తవ్విన బోర్లలో యురేనియం, రేడియం, రేడాన్ చాలా ఎక్కువ. ఆ నీళ్లు తాగిన వారిలో ల్యుకేమియా, కడుపు, మూత్రాశయం, మూత్రపిండాల క్యాన్సర్లు పెరిగాయా అని జాగ్రత్తగా చూసిన అధ్యయనాల్లో స్పష్టమైన సంబంధం కనిపించలేదు. దీని అర్థం ఆ నీళ్లు మంచివని కాదు. రేడియం, రేడాన్ క్యాన్సర్ కారకాలన్నది ఇతర ఆధారాలతో రుజువైన విషయం. తక్కువ మోతాదులో కలిగే కొద్దిపాటి హాని చిన్న జనాభాలో పట్టుబడదు, అంతే. అందుకే ‘క్యాన్సర్లు రుజువు కాలేదు కనుక నీళ్లు మంచివే’ అని ఏ అధికారి చెప్పినా, ‘క్యాన్సర్లు ఉన్నాయి కనుక నీళ్లు విషమే’ అని ఏ నాయకుడు చెప్పినా, రెండు మాటలనూ మీరు ఒప్పుకోనవసరం లేదు.

అయినా వివరాల సేకరణ చేయవలసిందే. 2025 మార్చిలో తూర్పు గోదావరి జిల్లా బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసుల విషయం శాసనసభ దాకా వెళ్లి, వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగాయి. అటువంటి సర్వే మీ ఊరికీ కోరవచ్చు. దానికి ముందే ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తల సాయంతో, ప్రతి కుటుంబం అనుమతి తీసుకుని, ఒక నోటుపుస్తకంలో జాబితా తయారు చేయండి. పేరు బదులు ఒక సంఖ్య వేయండి. పేర్లున్న కాగితం ఆరోగ్య సిబ్బంది దగ్గరే ఉండాలి. మీ పెద్దవాళ్ల భయం న్యాయమైనది. ఊరిని ‘క్యాన్సర్ ఊరు’ అని పిలవడం మొదలైతే ఆడపిల్లల సంబంధాలు, పొలాల ధరలే కాదు, జబ్బు దాచుకోవడమూ మొదలవుతుంది, అది అన్నిటికంటే ప్రమాదం. జాబితాలో రొమ్ము, గొంతు అని రాస్తే చాలదు, బయాప్సీ నివేదికలో ఉన్న రకం, నిర్ధారణ అయిన సంవత్సరం, అప్పటి వయసు ఉండాలి. మీ ఇద్దరి రక్త క్యాన్సర్లు ఒకే రకమో కాదో అప్పుడే తెలుస్తుంది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స జరిగి ఉంటే ఆ కాగితాల్లో ఈ వివరాలన్నీ దొరుకుతాయి.

వీటన్నిటికంటే కష్టమైనది ఎవరు ఎప్పుడు ఏ నీళ్లు తాగారన్నది. గడ్డలుగా వచ్చే క్యాన్సర్లకు కారణం పదేళ్లు, ఇరవై ఏళ్ల కిందట పడి ఉంటుంది, ల్యుకేమియాకు అంతకంటే తక్కువ కాలం చాలు. ఇవాళ టిన్ను నీళ్లు తాగుతున్న మనిషి ఒకప్పుడు కాలువ నీళ్లు తెచ్చి ఇండుప గింజ అరగదీసి తేర్చుకుని తాగి ఉంటాడు, తరువాత చేతిపంపు, ఆ తరువాత బోరు. సంవత్సరాలు అడిగితే ఎవరికీ గుర్తుండవు. 86 వరదకు ముందా తరువాతా, 96 తుఫానుకు ముందా తరువాతా అని అడగండి, చెబుతారు. పెళ్లై వచ్చిన ఆడవాళ్లకు పుట్టింటి నీళ్లు కూడా రాయాలి. మీ తమ్ముడి కొడుకు విషయంలోనైతే తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు, పురిటికి పుట్టింట్లో ఉన్న నెలల్లో ఏ నీళ్లు తాగిందో కూడా అవసరం. క్యాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే వయసు, అదే ఊరు ఉండి జబ్బు రాని ముగ్గురు నలుగురిని ఎంచుకుని ఇవే ప్రశ్నలు అడగాలి, ఎందుకంటే జబ్బు వచ్చినవారిలో అందరూ బోరు నీళ్లే తాగారని తేలినా, రానివారూ అవే తాగి ఉంటే అది ఏమీ చెప్పదు. ఇటువంటి పోలికకు 11 మంది చాలరు. తీరం వెంట ఉన్న మండలాలన్నీ కలిపి చూడాలి, అది వైద్య పరిశోధన మండలి వంటి సంస్థ చేయవలసిన పని. మీ నోటుపుస్తకం వారికి మొదటి ఆధారంగా పనికొస్తుంది. రోగుల రక్తం, వెంట్రుకలు పంపితే రేడియేషన్ కారణమో కాదో చెబుతామనే ప్రైవేటు పరీక్షలకు మాత్రం డబ్బు పెట్టవద్దు.

ఫలితాలు వచ్చేదాకా తాగడానికి, వంటకు పంచాయతీ చెరువు నుంచి వడకట్టి క్లోరిన్ కలిపి ఇచ్చే కుళాయి నీళ్లు వాడండి. కాలువ ద్వారా వచ్చే నదీజలంలో రేడియం, యురేనియం సాధారణంగా చాలా తక్కువ. దాని జబ్బు వేరు. రొయ్యల చెరువుల నీళ్లు, పురుగుమందులు, సూక్ష్మజీవులు కలిసే ప్రమాదం ఉంది కనుక శుద్ధి సరిగా జరుగుతోందో లేదో పంచాయతీని నిలదీయండి. టిన్ను నీళ్లు కొంటే ప్లాంటు ఏ బోరు మీద నడుస్తోందో, పొరలు ఎప్పుడు మార్చారో అడగండి. ఆర్‌ఓ పొర బాగుంటే రేడియం, యురేనియం తొంభై శాతానికి పైగా పోతాయి. అక్కడ వదిలేసే నీళ్లలో అవి చిక్కబడతాయి కనుక ఆ నీళ్లను పశువులకు పెట్టకూడదు. కాచడం వల్ల, క్లోరిన్ వల్ల, పటిక వల్ల, అల్ట్రావయొలెట్ దీపం వల్ల రేడియం పోదు. రేడాన్ మాత్రం కాచినా, గాలి తగిలేలా ఎత్తు నుంచి పోసినా పోతుంది. స్నానానికి, బట్టలకు, తోటకు ఇప్పుడున్న బోరు నీళ్లు వాడుకోవచ్చు.

ఈ పనులన్నిటిలో మీ తమ్ముడి కొడుకు సంగతి వేరుగా పెట్టుకోండి. కారణం తేలేదాకా ఆగుదామని గానీ, నాటువైద్యం చూద్దామని గానీ ఎవరు చెప్పినా విశాఖపట్నం చికిత్సను ఒక్క విడత కూడా ఆపవద్దు. పిల్లల్లో వచ్చే ల్యుకేమియా చాలావరకు నయమవుతుంది, కానీ మందుల కోర్సు రెండు మూడేళ్లపాటు తప్పకుండా సాగాలి. కీమోథెరపీ వల్ల వాడి ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది. వాడికి ఈరోజు నీళ్లలో ఉన్న సూక్ష్మజీవులు రేడియం కంటే ఎన్నో రెట్లు ప్రమాదం. కుళాయి నీళ్లైనా టిన్ను నీళ్లైనా మరిగించి చల్లార్చి, మూత పెట్టిన గిన్నెలోంచి ముంచకుండా వంచి ఇవ్వండి. ఇంట్లో థర్మామీటరు ఉంచుకోండి. జ్వరం 100.4 డిగ్రీలు తాకితే మాత్ర వేసి తెల్లవారేదాకా చూడవద్దు, ఆ రాత్రే వైద్యుడికి ఫోన్ చేసి దగ్గరలోని పెద్దాసుపత్రికి బయలుదేరండి.